ఎడమవైపు ట్యూబు

“నాలుగింటికి వీణ్ణి ప్రెస్ మీటింగ్‌కి తీసుకెళ్ళిపోతున్నాం టీచర్. ఎండన పడి వచ్చారు, కాసిని మంచినీళ్ళు తాగి బయల్దేరండి.”

వైరస్ ల్యాబు ముందుగదిలో ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలి, మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు.

“మాస్కు పైకి పెట్టు,” అంది టీచరమ్మ.

అతని చెయ్యి దానంతట అదే లేచి మాస్కు సర్దేసింది. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు.

బడిలో చాలాకాలం లెక్కలు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి డిటెక్టివ్‌గా బోర్డు కట్టుకున్న మనిషి ఆవిడ. ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆవిడ క్లాసులో చివరి బెంచీ. ఆ సంగతి స్టేషన్లో అందరికీ తెలిసిపోవడమే అతని బాధ.

“నీ దగ్గరున్న సాక్ష్యమేమిటి?” అంది, నిలబడే.

“వైరస్ ట్యూబు ఒకటి పోయింది. ఈ కొత్త కరోనా మొట్టమొదట ఎవరికొచ్చిందో, ఆ పేషెంటు గొంతులోంచి తీసి పెంచిన అసలు సిసలు వైరస్. పొద్దున లెక్క చూసుకుంటే ఒకటి తగ్గింది. ఫ్రీజర్ల బాధ్యత వీడిది. వీడు తీసుకెళ్తుండగా చూసిన సాక్షి ఉన్నాడు. ఆ సాక్షి కూడా దారినపోయేవాడు కాదు, ఈ పరిశోధనలో రెండో పెద్ద, డిప్యూటీ డాక్టర్. ఇంకేం కావాలి?”

“ట్యూబు కావాలి. దొరికిందా?”

“దొరుకుతుంది. మా పద్ధతిలో అడిగితే వీడే చెబుతాడు.”

“ఏడో క్లాసులోనూ ఇంతే. జవాబు ముందు రాసేసి, లెక్క తర్వాత చేద్దామనేవాడివి.”

“టీచర్!” ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. “నా స్టాఫ్ ఉన్నారు. కాస్త మీరు అనండి.”

“సరే. మీరు తప్పు మనిషిని పట్టుకున్నారు. బాగుందా?”

‘వీడు’ అని ఇన్‌స్పెక్టర్ అంటున్న మనిషి గుమ్మం పక్కన బల్లమీద కూర్చుని ఉన్నాడు. ఎత్తూ లావూ, దానిమీద ఫ్రీజర్ దగ్గర వేసుకునే దళసరి కోటు. ఆ కోటు వల్లే ఇక్కడందరూ అతన్ని ఎలుగు అంటారు. చేతులకి బేడీలున్నాయి కాబట్టి ముక్కు మీది చెమట భుజానికేసి తుడుచుకుంటున్నాడు.

“నేను తియ్యలేదమ్మా,” అన్నాడు. “తీసి ఏం చేసుకుంటాను? ఊరగాయా?”

కానిస్టేబుల్ ఈసారి నవ్వేశాడు. ఎలుగు మాత్రం నవ్వలేదు. “మా చెల్లెలికి చెప్పకండి.”

“నన్ను పంపించిందే మీ చెల్లెలు.”

ఎలుగు తల వంచుకున్నాడు. సరిగ్గా అప్పుడే టీచరమ్మ సెల్ మోగింది. చెల్లెలే. కరోనా వార్డులో నర్సు.

“మేడమ్, అన్నయ్యని చూశారా? అన్నం తిన్నాడా?”

“చూశాను. జోకులేస్తున్నాడు.”

“అయితే భయపడుతున్నాడు. వాడు భయమేస్తేనే జోకులేస్తాడు.” అవతల ఏదో ప్లాస్టిక్ కవరు చించుతున్న చప్పుడు. “మేడమ్, నేను డ్రెస్ వేసుకుంటున్నాను. ఇక ఫోన్ లాకర్లో పెట్టేస్తాను. ఆ కొత్త మందుంది కదా, ముక్కుతో పీల్చేది... జబ్బు అంటకుండా ముందు వార్డు స్టాఫ్‌కి ఇస్తున్నారు. మొదటి డోసు నాకే, ఇంకో గంటలో. నేనే అడిగి ఒప్పించుకున్నా.”

“భయం లేదూ?”

“మా అన్నయ్య కాపాడిన మందు మేడమ్. వాడికి ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదు గానీ, ఆ ఫ్రీజర్లో ప్రతి ట్యూబూ తెలుసు. మీరు వాణ్ణి బయటికి తీసుకురండి. నేను బయటికొచ్చేసరికి వాడి గొంతు వినాలి.”

ఫోన్ ఆగిపోయింది. టీచరమ్మ వాచీ చూసుకుంది. మూడు దాటింది.

“నీ సాక్షిని చూపించు,” అంది ఇన్‌స్పెక్టర్‌తో.

“ఆయన్ని మీరు ప్రశ్నించడానికి వీల్లేదు.”

“ప్రశ్నించను. కబుర్లు చెప్పుకుంటాం. నువ్వు పక్కనే కూర్చో.”

*

డిప్యూటీ డాక్టర్ గది అద్దంలా ఉంది. మనిషి కూడా అలాగే ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, సన్నటి కళ్ళజోడు. చేతులు మాత్రం ఒకచోట ఉండడం లేదు. పెన్ను మూత పెట్టడం, తియ్యడం.

“నిన్న మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళిన టైము,” అన్నాడు. “ఫ్రీజర్ గది తలుపుకి అద్దం ఉంటుంది. దాంట్లోంచి చూశాను. ఎలుగు ఫ్రీజర్ మూసి, కోటు జేబు పట్టుకుని బయటికొచ్చాడు. నాకు అనుమానమొచ్చింది. అతనటు వెళ్ళగానే నేనిటు వెళ్ళి అదే ఫ్రీజర్ తెరిచాను. వైరస్ పెట్టెలో ఒక గుంట ఖాళీ.”

“అటు వెళ్ళగానే అంటే?”

“వెంటనే. అతని బూట్ల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.”

“మరి నిన్ననే ఎందుకు అరవలేదు?”

“లెక్క చూసే రోజు ఇవాళే కదా అని... తొందరపడి ఒక మనిషి మీద నింద వెయ్యడం ఇష్టం లేక.”

“ఇవాళ తీరిగ్గా వేశారన్నమాట.”

“టీచర్!” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మరొక్కసారి చెప్పండి డాక్టర్ గారూ. నాకు వయసైపోయింది, ఒకసారికి ఎక్కదు.”

డిప్యూటీ మళ్ళీ చెప్పాడు. అదే వరస, అవే మాటలు. బూట్ల చప్పుడు దగ్గర అదే చిన్న ఆగడం. టీచరమ్మ కళ్ళు మూసుకుని విన్నది. చూసినది చెప్పే పిల్లవాడు రెండోసారి చెప్పేటప్పుడు ఎక్కడో ఒకచోట తడబడతాడు, ఒక ముక్క కలుపుతాడు, ఒకటి వదిలేస్తాడు. బట్టీ పట్టినవాడే అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతాడు.

“పదండి,” అంటూ లేచింది. “ఆ ఫ్రీజర్ చూద్దాం.”

“నా టైమ్ వేస్టు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“నాలుగింటికి కదా నీ ప్రెస్ మీటింగ్. అప్పటిదాకా ఎలాగూ గోళ్ళు గిల్లుకోవాలి.”

*

ఫ్రీజర్ గది ఇరుకు. మోటార్ల హోరులో మాట వినబడాలంటే గొంతు పెంచాలి. బీరువాలంత ఫ్రీజర్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక గోడలో కిటికీ లాంటి స్టీలు పెట్టె. దానికి ఇటో తలుపు, అటో తలుపు. అవతల ఉన్నది లోపలి గది. నిలువెల్లా డ్రెస్ వేసుకున్నవాళ్ళు తప్ప ఎవరూ అడుగుపెట్టకూడని చోటు. వైరస్‌తో పని జరిగేది అక్కడే. లోపలి సామాన్లు ఆ పెట్టెలోంచే చేతులు మారతాయి.

డిప్యూటీ ఆమెకి మందపాటి గ్లవుజులిచ్చి మూడో ఫ్రీజర్ చూపించాడు. టీచరమ్మ హ్యాండిల్ పట్టి లాగింది. తెల్లటి పొగ మోకాళ్ళ మీద పడింది. లోపల అరలు, అరల్లో పెట్టెలు, మంచు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయినట్టున్నాయి.

“ఇలాగే చూశారా?”

“ఇలాగే.”

ఆమె తలుపు మూసింది. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు కూడా ఆగలేదు. ఆ క్షణమే మళ్ళీ హ్యాండిల్ పట్టుకుని లాగింది.

రాలేదు.

ఇంకొంచెం బలంగా లాగింది. ఫ్రీజరే కదిలినట్టయింది గానీ తలుపు కదల్లేదు.

“ఇన్‌స్పెక్టర్, కాస్త సాయం పట్టు. చిన్నప్పుడు కబడ్డీ ఆడేవాడివి కదా.”

ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించి వచ్చాడు. ఒక చేత్తో లాగాడు, రెండు చేతులతో లాగాడు. ఆఖరికి బూటుకాలు ఫ్రీజర్‌కి తన్నిపెట్టి లాగాడు. మెడనరాలు పొంగాయి తప్ప తలుపు రాలేదు.

“తాళం పడిందా?” అన్నాడు రొప్పుతూ.

టీచరమ్మ డిప్యూటీ వైపు తిరిగింది. “మీరే చెప్పండి డాక్టర్ గారూ. ఎందుకు రావడం లేదు?”

డిప్యూటీ పెదాలు తడుపుకున్నాడు. “తెరిచినప్పుడు బయటి వేడిగాలి లోపలికి పోతుంది. మూయగానే అది చల్లబడి ముడుచుకుంటుంది. తలుపుని లోపలికి లాగి పట్టేస్తుంది. కొన్ని నిమిషాలు ఆగితే తప్ప...”

“ఇక్కడ పనిచేసే అందరికీ తెలుసా ఈ సంగతి?”

“అందరికీ.”

“మీకూ?”

డిప్యూటీ చెయ్యి మళ్ళీ పెన్ను మూత మీదికి పోయింది. మోటార్లు హోరుమంటున్నాయి.

“ఎలుగు మూశాడు, బూట్ల చప్పుడు వినిపిస్తుండగానే మీరు తెరిచారు. ఇంత లావు పోలీసుకి రాని తలుపు మీకు వచ్చింది.” టీచరమ్మ గ్లవుజులు విప్పి స్టీలు టేబుల్ మీద పెట్టింది. “అబద్ధం అల్లేటప్పుడు నోరు ముందు పరిగెడుతుంది డాక్టర్ గారూ. చేతులు ఏం చేశాయని అడగడం మర్చిపోతాం. మీరు నిన్న ఎలుగు వెనకాల ఈ ఫ్రీజర్ తెరవలేదు. మరి ఎప్పుడు తెరిచారు?”

ఇన్‌స్పెక్టర్ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు, ఎవరి మీద అరవాలో తెలియక.

డిప్యూటీ కళ్ళజోడు తీశాడు. అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు.

“ఎవరూ దొంగతనం చెయ్యలేదు,” అన్నాడు. “ఆ ట్యూబు ఇప్పుడు లేదు. నిన్న సాయంత్రం నేనే ఆటోక్లేవ్‌లో పడేశాను.”

“అదేమిటి?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఆవిరితో ఉడికించే యంత్రం. పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి. అందులో పడ్డాక ఏ వైరసూ బతకదు.”

“ఎందుకు పడేశారు?”

చెప్పడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. చాలాసేపు బిగబట్టుకున్న మనిషిలా చెప్పుకుపోయాడు. ఆ పీల్చే మందు అతను తయారుచేసిందే. ల్యాబులో మళ్ళీ మళ్ళీ పెంచిన వైరస్ మీద అది పనిచేసింది. మొదటి పేషెంటు వైరస్ మీద మాత్రం పరీక్షించలేదు. పరీక్షించినట్టు రాశాడు. అంతా ఆత్రంగా అడుగుతుంటే, రోజూ మనుషులు పోతుంటే, ఇదీ పనిచేస్తుందిలే అనుకున్నాడు. తీరా మొదటి డోసు రేపనగా నిద్ర పట్టలేదు. నిన్న సాయంత్రం ఎవరికీ చెప్పకుండా వైరస్ ట్యూబు ఒకటి, మందు ట్యూబు ఒకటి తీసుకుని లోపలి గదికి వెళ్ళాడు.

“రెండూ కరిగేదాకా ఆగాను. ఇంకా మొదలుపెట్టనేలేదు, గాలి పీడనం తగ్గిందని అలారం మోగింది. అది మోగితే బయటికి రావాల్సిందే. ట్యూబులు రెండూ స్టాండులో నిలబెట్టాను. లోపలినుంచి ఏది బయటికి రావాలన్నా స్పిరిట్‌తో తుడవాలి కదా, తుడిచాను. ఈ గోడపెట్టెలో పెట్టి, డ్రెస్ విప్పి, స్నానం చేసి, ఇటొచ్చి తలుపు తీశాను.” అతను నుదురు రుద్దుకున్నాడు. “చూస్తే వాటి మీద రాతలు లేవు.”

“లేవంటే?”

“రోడ్లు మూసేశారు, ప్రింటు లేబుళ్ళు రావడం లేదు. ఈమధ్య మార్కర్‌తో రాసుకుంటున్నాం. స్పిరిట్ తగిలితే ఆ ఇంకు పోతుంది. తెలుసు. కంగారులో రుద్దేశాను. కరిగిన వైరస్‌ని వెనక్కి పెట్టకూడదు, అందుకని దాన్ని నాశనం చేశాను. మందు ట్యూబు మీద మళ్ళీ పేరు రాసి ఇదే ఫ్రీజర్లో దాని చోట పెట్టేశాను. ఇదంతా చెబితే ఆ టైములో లోపల నీకేం పని అంటారు. నా పరీక్షల సంగతి బయటపడుతుంది. అందుకని...”

“అందుకని బేడీలు ఎలుగు చేతికి,” అంది టీచరమ్మ.

ఇన్‌స్పెక్టర్ పెద్దగా ఊపిరి వదిలాడు. మొహం వెలిగిపోయింది. “అంటే వైరస్ బయటికి పోలేదు! అమ్మయ్య. ఊరంతా ఖాళీ చేయించాల్సొస్తుందని మావాళ్ళు జుట్టు పీక్కుంటున్నారు. డాక్టర్, మీ సంగతి తర్వాత చూస్తాను. టీచర్, ఒప్పుకున్నాను, ఈ లెక్క మీదే.” సెల్ తీసి నంబరు నొక్కబోయాడు.

“ఆగు.”

“మళ్ళీ ఏమిటి?”

టీచరమ్మ గోడపెట్టె ముందుకెళ్ళి నిలబడింది. ఎక్కడో ఒక మెట్టు దాటేశాం. జవాబు కుదిరినట్టే ఉంది గానీ కుదరలేదు.

“రాతలు పోయాయి. రెండు ట్యూబులూ ఒకలాంటివే. లోపలి నీళ్ళ రంగు?”

“రెండూ లేత గులాబీ. మందు కూడా అదే ద్రవంలో ఉంటుంది.”

“మరి ఏది వైరసో ఎలా తెలిసింది?”

“స్టాండులో వైరస్ ఎప్పుడూ ఎడమవైపే పెడతాను. ఏళ్ళ అలవాటు. నిద్రలో లేపి పెట్టమన్నా ఎడమవైపే పెడతాను. ఎడమవైపు ట్యూబే ఆటోక్లేవ్‌లో వేశాను.”

“పెట్టినప్పుడు మీరెక్కడ నిలబడ్డారు?”

“లోపలి గదిలో.”

“తీసినప్పుడు?”

“ఇక్కడ, మీరు నిలబడిన...” డిప్యూటీ ఆగిపోయాడు.

“స్టాండుని తిప్పారా?”

డిప్యూటీ స్టూలు మీంచి లేచాడు.

“ఎలా ఉందో అలాగే ఇటు లాగారా? గుర్తు తెచ్చుకుని చెప్పండి.”

“అలాగే లాగాను,” అన్నాడు.

“ఏమైంది?” ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఎడమవైపుదే వేశాడుగా?”

“టేబుల్‌కి అవతల నిలబడు,” అంది టీచరమ్మ. అతను వాదించకుండా వెళ్ళి నిలబడ్డాడు. ఆమె డిప్యూటీ జేబులోంచి ఎర్ర పెన్నూ నల్ల పెన్నూ లాగి టేబుల్ మీద పక్కపక్కన పెట్టింది. “నాకు ఎడమవైపు ఉన్నది ఎర్రది. నీకు ఎడమవైపు ఉన్నది తియ్యి.”

ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచాడు. పైకెత్తి చూసుకున్నాడు.

నల్ల పెన్ను.

అది అతని వేళ్ళలోంచి జారి టేబుల్ మీద దొర్లింది.

“ఉడికిపోయింది మందు,” అంది టీచరమ్మ. “పేరు మార్చుకుని ఫ్రీజర్లోకి తిరిగెళ్ళింది వైరస్.”

“అయితే లోపలే ఉందిగా! తీసి పారేద్దాం!” ఇన్‌స్పెక్టర్ ఒక్క గెంతులో ఫ్రీజర్ దగ్గరికి పోయాడు. ఈసారి తలుపు తేలిగ్గా వచ్చింది. డిప్యూటీ మందు పెట్టె లాగి మూత తీశాడు.

ముందు వరసలో మొదటి గుంట ఖాళీ.

*

“పొద్దున వార్డుకి పంపిన ట్యూబు ఏది?” టీచరమ్మ వరండాలోంచే అరిచింది.

ఎలుగు బల్ల మీంచి లేచాడు. “మందుదా? మొదటిదమ్మా. ఎప్పుడూ ముందునుంచే తీస్తాం. దాని మీద డిప్యూటీ గారి రాతుంది, ఈయన ఎప్పుడు రాశారబ్బా అనుకున్నాను.” వాళ్ళ మొహాలు చూశాడు. “ఎందుకమ్మా? ఏమైంది? అది మా బుజ్జి పీల్చేదేగా?”

ఇన్‌స్పెక్టర్ జేబులో తాళంచెవి కోసం వెతుక్కుంటూ ఎలుగు ముందు కూర్చున్నాడు. బేడీలు నేలమీద పడ్డాయి.

జీపులో డిప్యూటీ వార్డు నంబరుకి చేస్తూనే ఉన్నాడు. ఎంగేజ్. పేషెంట్ల చుట్టాలందరూ చేసే నంబరు అదొక్కటే. ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్‌లో ఆసుపత్రి గేటు దగ్గరున్న కానిస్టేబుల్ మీద అరుస్తున్నాడు: “పైకి పరిగెత్తు! ఏ గదో నాకేం తెలుసు, నర్సు మందు పీల్చే గది! ఆపమని చెప్పు!” ఎలుగు మాత్రం జోకు కూడా వెయ్యలేదు. ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

మెట్ల దగ్గర అతనే అందరికంటే ముందున్నాడు. అంత ఒళ్ళేసుకుని ఎలా పరిగెత్తాడో తెలియదు. పైన వార్డు తలుపు దగ్గర గేటు కానిస్టేబుల్ని ఇద్దరు స్టాఫ్ అడ్డుకుంటున్నారు. డ్రెస్ లేకుండా అడుగు పెట్టనివ్వమంటున్నారు. ఎలుగు ముగ్గురినీ కలిపి పక్కకి నెట్టేశాడు.

వరండా చివర మందు పీల్చే గది. మందమైన అద్దం. ఆవిరి బయటికి రాకుండా గట్టిగా బిగించిన తలుపు, గడియ లోపలివైపు. చెల్లెలు కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన టేబుల్ మీద చిన్న యంత్రం, దాన్నుంచి వచ్చిన గొట్టం ఆమె ముక్కు మీది మాస్కులోకి.

యంత్రం మీద పచ్చదీపం వెలుగుతోంది. మాస్కు చుట్టూ అప్పుడప్పుడే సన్నగా తెల్లటి ఆవిరి.

“ఆ గదికి కరెంటు తీసెయ్యండి!” టీచరమ్మ కేక విని స్టాఫ్‌లో ఒకడు అవతలికి పరిగెత్తాడు.

ఎలుగు రెండు అరచేతులతో అద్దం బాదాడు. “బుజ్జీ! తియ్యి! తీసెయ్యి!”

లోపలికి చప్పుడు పోలేదు. కదలిక చూసి ఆమె తలెత్తింది. అద్దం అవతల అన్నయ్య. చేతులకి బేడీల్లేవు. వెనకాల టీచరమ్మ, పోలీసులు.

ఆమె కళ్ళు పెద్దవై, అంతలోనే నీళ్ళు నిండి, నవ్వాయి. విడిపించారు. మొదటి డోసు తను తీసుకుంటుంటే చూడ్డానికి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. ఏడుస్తున్నాడు కూడా, పిచ్చి అన్నయ్య, భయపడుతున్నాడు.

భయమేం లేదన్నట్టు ఆమె చెయ్యెత్తి చూపించింది. మాస్కుని మొహానికి ఇంకా గట్టిగా అదిమి పట్టుకుని, అతనికి స్పష్టంగా కనబడేలా, గుండెల నిండా ఊపిరి పీల్చింది.